మిషిను అని రాయనందుకు

నస్పూర్,
14 జూన్ 1992, ఆదివారం.

గంగామణి వదినెకు,

ఈ రోజు మొదటి వింత పొద్దున తొమ్మిది గంటలకు మా టీవీలో కనిపించింది. బాపు స్నానానికి పొయ్యి మీద నీళ్లు పెట్టి, అవి కాగేలోపు చూద్దామని టీవీ పెట్టాను. జపాన్ వాళ్లు గీసిన బొమ్మల కథ మొదలైంది. మాటలన్నీ హిందీలో ఉన్నాయి. ఇక నేను కదలలేదు. నీళ్లు మరిగి మరిగి సగమయ్యాయి. బాపు తుండు భుజాన వేసుకొని వచ్చి, "నీళ్లు పెట్టుమంటె పులుసు కాసినవా బిడ్డా" అన్నాడు.

ఆ కథలో రాక్షసులు లేరు, యుద్ధాలు లేవు. ఎప్పుడో రాబోయే కాలంలో ఒక ఊరు. మనుషులు మనలాగే వండుకుంటారు, తింటారు, బడికి పోతారు. వింతంతా వాళ్ల వస్తువుల్లోనే ఉంది. నత్సుకో అనే పిల్ల నిద్ర లేస్తే, పరుపు తనకు తానే మడుచుకొని గోడలోకి పోతుంది. బట్టలు ఆరేసిన తీగ వాన వాసన పసిగట్టి, బట్టలతో సహా ఇంట్లోకి జరుగుతుంది. ఆ తీగను చూసి మా అవ్వ పొయ్యి దగ్గర్నుంచి లేచి వచ్చింది. "పిల్ల పేరేందే? నచ్చుకోనా? నచ్చకుంటె ఏం జెయ్యాలె?" అని నవ్వింది.

ఇంకో సంగతి. నేను పదో తరగతికి వచ్చాను కదా. మా తెలుగు సారు జలపతిరావు గారు, తెలుగు మాట ఉండగా ఇంగ్లీషు మాట రాస్తే మార్కు కోస్తానన్నారు. మిషిను అని రాయకూడదట, యంత్రం అని రాయాలట. యంత్రం అనే మాట పలికితే నోరంతా నిండినట్టు ఉంటుంది. కొత్త మాటల కోసం ఒక నోటుబుక్కు పెట్టాను. ఇక మీదట నా ఉత్తరాల్లో మిషిను కనిపించదు.

నీకు మూర్ఛ మళ్లీ వచ్చిందా? మీ అవ్వను, శంకరవ్వ అత్తను, అడిగానని చెప్పు. మీ ఇంట్లో టీవీ లేదుగా, ప్రతి ఆదివారం కథ నేను రాస్తాను. ఫికర్ చేయకు.

నీ మరదలు,
స్వరూప


ఇచ్చోడ,
24 జూన్ 1992.

మరదలు స్వరూపకు,

నీ ఉత్తరం చదువుతుంటే జలపతిరావు సారే మా వాకిట్లో కుర్చీ వేసుకొని కూర్చున్నట్టు ఉంది. నువ్వు మూర్ఛ అని రాశావు. మా ఇంట్లో పడుడు అంటాం. పేరు ఏదైతేనేం, నేల అదే.

ఏప్రిల్ నుంచి పడలేదు. ఆదిలాబాద్ డాక్టరు రాసిచ్చిన గోలీలు పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటున్నాను. అవి వేసుకుంటే పగలంతా కళ్లు మూతలు పడతాయి. చీపురు పట్టుకొని నిలబడే నిద్రపోతాను. పక్కింటి బాయి "దివసా ఝోప్ కాయ్?" అని మరాఠీలో ఎగతాళి చేస్తుంది. పట్టపగలు నిద్రేంది అని. ఏడో తరగతిలో బెంచీ మీంచి పడ్డప్పటి నుంచి నాకు బడి లేదు. బావి దగ్గరికి ఒంటరిగా పోవద్దు, రోడ్డు దాటొద్దు. రోడ్డు మీద లారీలు ఆగకుండా పోతూనే ఉంటాయి. బాపు నడిపే లారీ పదిహేను రోజులకోసారి ఆగుతుంది.

నీ ఉత్తరం అవ్వకు చదివి వినిపించాను. బట్టల తీగ దగ్గర నన్ను ఆపి, "గది మనకుంటె గా ముసురుల పరేషాన్ ఉండకపోవు" అంది. తర్వాత కూడా వినాలని ఉన్నా, బర్రె తాడు తెంపుకొని పోతే లేచి వెళ్లింది.

ఒక్క మాట అడుగుతాను. ఆ ఊళ్లో నాలాంటి వాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉంటే వాళ్లు ఏం చేస్తారో చూసి రాయి.

గంగామణి


నస్పూర్,
5 జులై 1992, ఆదివారం.

వదినెకు,

ఈ వారం నత్సుకో వాళ్ల నాయనమ్మ ఊరి నుంచి వచ్చింది. బస్సు కోసం ఎవరూ నిలబడరు. చేతి గాజు మీద వేలు పెడితే బస్సే గుమ్మం ముందుకు వస్తుంది. నాయనమ్మ దానికి దండం పెట్టి ఎక్కింది. టీవీలో అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. మా నాయనమ్మా మొదటిసారి రైలుకు దండం పెట్టిందట.

నువ్వు అడిగింది వెతికాను. నాలుగు వారాలుగా చూస్తున్నాను. ఇంతవరకు ఎవరూ కనిపించలేదు. ఇంకా చూస్తాను.

నోటుబుక్కులో నూట పది మాటలయ్యాయి. ఈ వారం నాకు బాగా నచ్చిన మాట పసిగట్టు.

స్వరూప


నస్పూర్,
12 జులై 1992, ఆదివారం.

వదినెకు,

దొరికింది. ఈ రోజు బొమ్మ చాలా స్పష్టంగా వచ్చింది, ఒక్క గీత కూడా లేదు.

నత్సుకో పక్కింట్లో ఒక అక్క ఉంది. ఆమెకు నీలాగే మూర్ఛ. బడి మానేసింది. ఒక రోజు ఊరి వైద్యుడు ఆమె మెడలో చిన్న యంత్రం వేశాడు. చింతగింజంత ఉంటుంది, నల్లదారానికి వేలాడుతుంది. జబ్బు ఇంకా రాకముందే అది పసిగడుతుంది. చెవిలో మెల్లగా ఊదినట్టు చేసి, వచ్చేదాన్ని వెనక్కి పంపిస్తుంది. ఆ రోజు నుంచి ఆమెకు మందులతో పని లేకుండా పోయింది. చివరికి ఆమె సైకిలు మీద ఊరంతా తిరిగింది. రోడ్డు ఒక్కతే దాటింది. నత్సుకో వెనకాల కూర్చొని ఆమె నడుము పట్టుకుంది.

వదినె, ఈ ఉత్తరం అత్తకు తప్పకుండా చదివి వినిపించు. అలాంటి కాలం వస్తుంది. మనం బతికుండగానే వస్తుంది.

స్వరూప


ఇచ్చోడ,
23 జులై 1992.

స్వరూపకు,

నీ ఉత్తరం అవ్వ మూడుసార్లు చదివించుకుంది. మొదటిసారి బియ్యం చెరుగుతూ వింది. రెండోసారి చేట పక్కన పెట్టింది. మూడోసారి నా ఎదురుగా కూర్చొని, "గా మెడలేసింది మళ్ల చదువు బిడ్డా. జర నిమ్మలంగ చదువు" అంది. నేను సైకిలు దగ్గరికి వచ్చేసరికి కొంగుతో ముఖం తుడుచుకుంది.

నిన్న సంతకు పోయి వచ్చాం. వాన బాగా పడుతోంది. పత్తి మొక్కలు లేచాయి. నాకు బాగుంది. నిజంగానే బాగుంది, ఈ రోజు పగటి నిద్ర కూడా తగ్గింది. తల తేలికగా ఉంది. నిన్న సాయంత్రం నీ నత్సుకో కథ నాలుగిళ్ల ఆడవాళ్లకు చెప్పాను.

ఆ అక్క పేరు రాయలేదు. ఆమె పేరేమిటి?

గంగామణి


నస్పూర్,
2 ఆగస్టు 1992, ఆదివారం.

వదినెకు,

ఆమె పేరు హరుకో. ఈ వారం హరుకో మళ్లీ బడిలో చేరింది. తనకంటే చిన్న పిల్లల పక్కన కూర్చోవడానికి సిగ్గుపడింది. నత్సుకో తన బెంచీలో చోటిచ్చింది. ఆ బెంచీ కూర్చున్న వాళ్ల ఎత్తును బట్టి పెరిగి, తగ్గుతుంది.

పగటి నిద్ర తగ్గిందని చదివి నాకెంత సంతోషమైందో. డాక్టరు గోలీలు మార్చాడా? ఆ సంగతి రాయలేదు నువ్వు. మా అవ్వ కూడా అడిగింది. నువ్వు ఒక సంగతి దాస్తే రెండు ఉత్తరాల తర్వాత నాకు తెలుస్తుంది, గుర్తుంచుకో.

స్వరూప


ఇచ్చోడ,
13 ఆగస్టు 1992.

స్వరూపకు,

అక్షరాలు ఇలా ఉన్నందుకు నవ్వకు. ఎడమ చేత్తో రాస్తున్నాను. ఇది నాలుగు రోజుల్నుంచి కొంచెం కొంచెం రాసిన ఉత్తరం.

డాక్టరు గోలీలు మార్చలేదు. నేనే వేసుకోవడం లేదు.

నీ ఉత్తరం విన్న వారమే అవ్వ నన్ను సంతకు తీసుకుపోయింది. అక్కడ గోనెపట్టా మీద ఒక పెద్దమనిషి కూర్చుంటాడు. రాగిరేకు మీద గీతలు గీసి, మడిచి, నల్లదారానికి కట్టి మెడలో వేస్తాడు. దాన్నీ యంత్రమే అంటారు. నీకు ఎరుకేనా? నీకు ఆ మాట పుస్తకంలో దొరికింది. మా అవ్వకు చిన్నప్పటి నుంచీ ఉంది.

నేను చెప్పాను. "అవ్వా, స్వరూప రాసింది మిషిను. వాళ్ల సారు మిషిను అని రాయొద్దన్నడు. అందుకే యంత్రమని రాసింది" అన్నాను. అవ్వ నావైపు చూసి, "యంత్రమంటె యంత్రమే. నాకెరుక లేదా? పదో తరగతి సదివే పిల్ల, టీవీల సూసి రాసింది. దేశం కాని దేశంలనే నమ్ముతున్నరు, మనకేమైంది?" అంది. చింతగింజంత అన్నావు, అంతే ఉంది. నల్లదారం అన్నావు, అదే ఉంది. మందులతో పనిలేదన్నావు, ఆ పెద్దమనిషీ సరిగ్గా అదే మాట అన్నాడు. నలభై ఒక్క రోజుల్లోపు గోలీ తాకితే యంత్రం చెడిపోతుందట. మిగిలిన గోలీలను అవ్వ వాగులో వేసింది.

అవ్వను ఒక్కదాన్నే అననులే. నేనూ గట్టిగా వద్దనలేదు. మొదటి వారం నా కళ్లు నావే అనిపించాయి. మెలకువగా ఉండటం ఎంత బాగుంటుందో నీకు తెలియదు, నువ్వు రోజూ ఉంటావు కాబట్టి. నేనూ నమ్మాను.

తర్వాత మూడుసార్లు పడ్డాను. రెండు అవ్వకు తెలియవు. మూడోది పొయ్యి దగ్గర. కుడి చెయ్యి మోచేతి దాకా కాలింది. అవ్వ ఆకుపసరు పెట్టి, రోజంతా ఏడ్చింది. ఈ రోజు పొద్దున మాత్రం "మొక్కుబడి ఏదో మిగిలింది, పద్దెనిమిది దినాలు ఓపిక పట్టు బిడ్డా" అంది. ఈ రోజుకు ఇరవై మూడు. బాపు బండి నాగపూర్ అవతల ఉంది.

నువ్వు ఒక పని చేయాలి. హరుకోకు కూడా యంత్రం వేసిన కొత్తలో ఇలాగే అయిందా? తగ్గడానికి ఎన్ని రోజులు పట్టింది? నువ్వు అవునని రాస్తే అవ్వ ధైర్యం తెచ్చుకుంటుంది. కాదని రాస్తే ఆలోచిస్తుంది. ఆమె నా మాట వినడం లేదు, నీ ఉత్తరం మాటే వింటుంది. టీవీలో ఏది చూశావో అదే రాయి.

గంగామణి


నస్పూర్,
18 ఆగస్టు 1992, మంగళవారం.

వదినెకు,

హరుకో లేదు.

హరుకో దొరికిందని రాసిన ఆదివారం మాకు కరెంటే లేదు. నేను టీవీ చూడలేదు. నాలుగు వారాలు వెతికాను వదినె. ఆ ఊళ్లో ఎవరూ పడరు, ఎవరికీ జబ్బు లేదు. అంత మంచి ఊళ్లో నీకు చోటు లేకపోతే నాకు బాధేసింది. నీకు చోటు లేదని రాయలేక, నేనే ఒక అక్కను చేశాను. చింతగింజ నేను పెట్టిందే. నల్లదారం మా పక్క క్వార్టరులో పసిపిల్ల మెడలో చూసి పెట్టాను. మందులతో పని లేదన్న వాక్యాన్ని మూడుసార్లు కొట్టివేసి, బాగా కుదిరేదాకా రాశాను. కుదిరినందుకు సంతోషపడ్డాను కూడా.

మధ్యాహ్నం నీ ఉత్తరం అందగానే బడి మాని కాలనీ దవాఖానకు పోయాను. డాక్టరమ్మ పేరు, వయసు, ఎన్నాళ్లైందో అడిగింది. మూర్ఛ గోలీలు ఒక్కసారిగా ఆపితే ముందటికంటే ఎక్కువగా వస్తుందట, ప్రాణం మీదికి రావచ్చట. పాత చిట్టీ తీసుకొని వెంటనే ఆదిలాబాద్ వెళ్లాలట. ఇక్కడి నుంచి గోలీలు ఇవ్వమని అడిగాను. మనిషిని చూడకుండా ఇవ్వనంది. తప్పు ఆమెది కాదు.

బాపు గనిలో పంపుల దగ్గర ఉన్నాడు. వానలకు లోపల నీళ్లు పెరిగాయి, ఆయన్ను వదలడం లేదు. ఆదివారం మీ ఊరికి వస్తానన్నాడు. ఆదివారానికి ఐదు రోజులున్నాయి. మీ పోస్టాఫీసుకు ట్రంకు కాల్ చేయించాను, లైను లేదన్నారు. నత్సుకో ఊళ్లో గాజు మీద వేలు పెడితే బస్సు వస్తుంది. నేను బస్టాండు ముందు గంటసేపు నిలబడ్డాను. నన్ను ఒక్కదాన్ని పంపించడానికి అవ్వ ఒప్పుకోలేదు. "నువ్వు పోయి తొవ్వల తప్పిపోతె ఇద్దర్ని ఎతుకాలె" అంది. నోటుబుక్కులో నాలుగు వందల మాటలున్నాయి, ఒక్కటీ పనికి రాలేదు.

అందుకే ఈ ఉత్తరం పోస్టులో వేయడం లేదు. నిర్మల్ బస్సు నడిపే గంగయ్య మామకు ఇస్తాను. ఆయన నిర్మల్‌లో ఆదిలాబాద్ బస్సు కండక్టరుకు ఇస్తే, అతను మీ ఊరి హోటలు దగ్గర దింపుతాడు.

కింద రాసింది అత్తకు. ఒక్క మాట మార్చకుండా చదువు.

అత్తా, నేను స్వరూపను. నేను రాసింది అబద్ధం. టీవీల గసోంటి పిల్ల లేదు. మెడల ఏసేది ఏది లేదు. వదినె బాగుండాలెనని నేనే మనసుల అనుకొని రాసిన. యంత్రమంటె నేను మిషిను అనుకొని రాసిన. రేకు గాదు, తాయెత్తు గాదు. కుట్టు మిషిను లేదా, పిండి మిషిను లేదా, గసోంటి మిషిను. అది గూడ ఇంక ఎవ్వలు చెయ్యలే. సార్ కొట్టినా మంచిదే, మిషిను అనే రాసేదుండె నేను. వదినె పొయ్యిల పడ్డది నా ఉత్తరంతోని. నీ కాళ్లు మొక్కుత అత్తా. గోలీలు మళ్ల తెచ్చి ఇయ్యి. దినాలు లెక్కపెట్టకు. రేపే ఆదిలాబాద్ తీస్కపో. నా మీద ఎంత కోపమన్న చెయ్యి, నేను పడుత.

స్వరూప


ఇచ్చోడ,
20 ఆగస్టు 1992, గురువారం.

స్వరూపకు,

ఉత్తరం మధ్యాహ్నం హోటలాయన తెచ్చి ఇచ్చాడు. మడత మీద చాయ్ మరక ఉంది, అక్షరాలు పోలేదు.

నిన్న మళ్లీ పడ్డాను. వాకిట్లో పడ్డాను కాబట్టి దెబ్బ తగల్లేదు. లేచేసరికి చాలాసేపైందట. అవ్వ నా తల ఒళ్లో పెట్టుకొని కూర్చుంది, యంత్రాన్ని గుప్పిట్లో పట్టుకొని ఉంది. మెడకు దారం ఒరుసుకుపోయింది.

నీ ఉత్తరంలో నాకు రాసింది నాలోనే చదువుకున్నాను. హరుకో లేదన్నచోట కాసేపు ఆగాను. ఆమె సైకిలు నాకు చాలా ఇష్టంగా ఉండేది. కోపం రాలేదు అని రాస్తే అబద్ధం అవుతుంది. వచ్చింది, పోయింది, మళ్లీ రావచ్చు. ఇంతవరకు నన్ను ఎవరూ ఒక కథలో పెట్టలేదు, అది కూడా రాస్తున్నాను.

అత్తకు అని రాసింది అవ్వకు చదివాను. ఒక్క మాట మార్చలేదు. అవ్వ బియ్యం ఏరుతోంది. పిండి మిషిను దగ్గర చేయి ఆగిపోయింది. చదవడం అయ్యాక చేట పక్కకు జరిపింది. తర్వాత, "మిషినా? మిషినని ముందుగాల్నే రాయద్దా పోరి" అంది. నిన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

సాయంత్రం పొయ్యి అంటిస్తూ అడిగింది. "గా మిషిను ఎప్పటికి అస్తదట?"

"ఎవ్వలకు ఎరుక లేదవ్వా."

"స్వరూపను అడుగు. నేను సచ్చేలోపల అస్తదా, నా తర్వాతనా? నా తర్వాతనైతె నువ్వొక్కదానివే రోడ్డు దాటాలె గద."

దీనికి జవాబు నీ దగ్గర లేదని తెలుసు. ఉందని మాత్రం రాయకు.

నలభై ఒకటికి ఇంకా పదకొండు రోజులున్నాయి. అవ్వ వేళ్ల మీద లెక్కపెట్టి, మధ్యలో ఆపేసి, చేయి కొంగుకు తుడుచుకుంది. వాగు దగ్గర రోడ్డు మీద నీళ్లున్నాయని హోటలాయన అన్నాడు. పొద్దున బస్సు వస్తుందో లేదో ఆయనకూ తెలియదు. ఈ రాత్రికి గోలీ లేదు.

డాక్టరు చిట్టీ దేవుడి పటం వెనక దొరికింది, దాన్ని ప్లాస్టిక్ సంచిలో చుట్టి నా జాకెట్టులో పెట్టుకున్నాను. యంత్రం సంగతి ఏం చేద్దామని అడిగాను. "గిది తీస్తె గా పెద్దమనిషికి కోపం, తియ్యకుంటె డాక్టరుకు కోపం. బస్సెక్కినంక సూస్త" అంది అవ్వ.

రేపు పొద్దున ఐదింటికి లేస్తాం. ఆరింటి బస్సు వస్తే ఎక్కుతాం. కిటికీ వైపు అవ్వ కూర్చుంటుంది, నేను పడితే అటు పడకుండా. బస్సు రాకపోతే వాగు దాకా నడుస్తాం, అవతలి ఒడ్డున ఏ లారీ ఆగి ఉన్నా చేయి ఎత్తుతాం.

గంగామణి